సర్కారు గరిక

మొన్న గురువారం పొద్దున కడప బస్టాండులో నేనొక అబద్ధమాడాను. ఆడినందువల్ల నాకు ఒరిగిందేమీ లేదు, ఆడకపోతే పోయేదీ లేదు. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

ఆఫీసు పనిమీద రాజంపేట పోవాలని బస్సు కోసం నిలబడి ఉన్నాను. కొత్తగా గుండు చేయించుకున్న మనిషి ఒకడు, ముప్పై ఏళ్ళ వాడు, రెండు మూడు సార్లు నావైపు చూసి చివరకు దగ్గరకొచ్చాడు.

"సార్, మీరు కర్నూల్లో గెస్టుహౌసు కాడ ఉండిన సారేనా?"

చూడగానే గుర్తుపట్టాను. నాలుగేళ్ళ కిందట నెలకోసారి కొర్రబియ్యం మూట నెత్తిన పెట్టుకుని మా గెస్టుహౌసుకు వచ్చేవాడు. అక్కడ తోటమాలిగా ఉన్న తండ్రికి ఆ మూట ఇచ్చి సాయంత్రం బస్సుకు తిరిగి పోయేవాడు.

"కాదే. ఎవరనుకున్నావో" అన్నాను.

"అట్లనా" అన్నాడు. అయినా కదల్లేదు. "ఆ సారు గూడా మీ మాదిరే ఉంటాడు. మా నాయన పోయి పదైదు దినాలాయ. పోయేదాకా ఆ సారుతో ఒక కాయితం రాయించుకోవల్లని ఒకటే పోరు. నీళ్ళు పొయ్యకుండా గరికను ఎండబెట్టినాడని రాసి మా నాయన్ను పనిలోంచి తీసేసినారు సార్. అది అట్ల కాదని ఒక్క ముక్క రాసిస్తే చాలు అనేవాడు. మీకు ఎప్పుడన్నా ఆ సారు ఎదురైతే చెప్తారా?"

"చెప్తాను" అన్నాను.

బస్సొచ్చింది, ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికినందుకు సంతోషించాను కూడా. నేనెలాంటి మనిషినో చెప్పడానికి ఆ సంతోషం ఒక్కటి చాలు.

ఆ తోటమాలి పేరు ఇక్కడ రాయను. ఒకసారి కాగితం మీద ఆయన పేరు నేను రాసినందుకే ఆయన పని పోయింది.

కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్ళలో ఆ ఊరికి నీళ్ళు తప్ప అన్నీ వచ్చాయి. కార్లొచ్చాయి, డేరాలొచ్చాయి, డేరాల్లో ఆఫీసులొచ్చాయి. గాలి లేచినప్పుడు ఆఫీసు ఒకవైపూ ఫైళ్ళు ఒకవైపూ పోయేవి. పశువుల కొట్టాలను కడిగి సున్నం కొట్టి గుమాస్తాలకు అద్దెకిచ్చారు. నేనూ అలాంటి కొట్టంలోనే ఉండేవాణ్ణి. నా ఉద్యోగం ఒక సర్కారు గెస్టుహౌసులో అజమాయిషీ గుమాస్తా. దుప్పట్లు లెక్క చూడడం, వంటవాడి మీద అరవడం, పెద్దసారు ఏమన్నా ఔనండీ అనడం నా విధులు. మూడోదాంట్లో నాకు మంచి పేరుండేది.

పెద్దసారు కృష్ణా డెల్టా మనిషి. కాలువ గట్టు మీద పుట్టి, పడవలో బడికి పోయి చదువుకున్నవాడు. చెడ్డవాడు కాదు. పచ్చదనం కనపడకపోతే ఆయనకు అన్నం సహించేది కాదంతే. గెస్టుహౌసు ముందు ఎకరం పైన నల్లరేగడి నేల ఉండేది. ఎండాకాలం వస్తే అందులో కాలు దిగబడేంత నెర్రెలు పడేవి. దాన్ని చూసి ఆయన, "ఏమిటయ్యా ఇది, పెద్దపెద్దవాళ్ళొచ్చి దిగే చోటు. ఇక్కడ లాను వేయిద్దాం" అన్నాడు. ఔనండీ అన్నాను. ఢిల్లీ నుంచి ఎవరో పెద్దమనిషి వచ్చే నాటికి ఆ లాను మీద తేనీటి విందు జరగాలని నిర్ణయమైంది.

లాను అంటే మరేమీ కాదు, గరిక. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. గరికను పెంచుతారని వినడం కూడా అదే మొదలు. మాది కమలాపురం పక్క సేద్యపు కుటుంబం. మా రేగడి చేలల్లో గరిక పడిందంటే ఆ చేను ఒక తరం వెనక్కు పోయినట్టే. నాగలికి తెగినకొద్దీ పెరుగుతుంది. తెగిన ప్రతి కణుపూ ఒక మొక్క అవుతుంది. చివరకు మనుషుల్ని పెట్టి, నడుము లోతు తవ్వించి, వేరు వేరూ ఏరించి కాల్చాలి. ఈ పని చేసేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. గునపాలు భుజాన వేసుకుని ఎండాకాలంలో ఊరూరూ తిరిగేవాళ్ళు.

తోటమాలి కావాలని చెప్పి పంపితే, ఆయన గునపంతో వచ్చాడు.

"నీకేం పనొచ్చు పెద్దాయనా?" అన్నాను.

"గరిక తవ్వేది."

"ఇక్కడ గరిక పెంచాలి."

ఆయన గునపం నేలకు ఆనించి నిలబడ్డాడు.

"పెంచేదా?"

"ఔను."

"ఎవురి మింద కోపంతో సార్?"

నవ్వాను. ఆయన నవ్వలేదు. నడుము పట్టేసిందనీ, ఇంక తవ్వలేననీ, కూర్చుని చేసే పని ఏదైనా చాలుననీ చెప్పాడు. గరికను అంతగా ఎరిగినవాడు ఇంకొకడు దొరకడని పనిలో పెట్టుకున్నాను. తాత్కాలికం, విందు బాగా జరిగితే పర్మినెంటు చేస్తామని నేనే మాటిచ్చాను. ఆ మాట ఇచ్చే అధికారం నాకు లేదు.

మనిషి పొట్టి. నడుము పట్టేసినందువల్ల ఎప్పుడూ కొంచెం ముందుకు వంగి, పోగొట్టుకున్నది వెతుకుతున్నట్టు నడిచేవాడు. కుడిచేతి చూపుడువేలి గోరు కింద ఎప్పుడూ నల్లమట్టి. అది ఆయన పనిముట్టు. ఎక్కడ నిలబడితే అక్కడ ఆ వేలు నేలలోకి పొడిచి, తీసి, వాసన చూసేవాడు. "ఇంగా రెండు దినాలు వద్దు" అనేవాడు, లేదా "ఈ పొద్దు పొయ్యల్ల" అనేవాడు. అంతకు మించి మాట్లాడితే నేలకు కోపం వస్తుందేమో అన్నట్టు ఉండేవాడు.

నేలతో మాటలు తక్కువైనా గరికతో మాత్రం ఎక్కువ. హంద్రి నది ఒడ్డు నుంచి గోనెసంచుల్లో గరిక కణుపులు తెచ్చి నాటాడు. నాటేటప్పుడు విన్నాను.

"ముప్పై ఏండ్లు తరిమి తరిమి కొట్టినా. ఇప్పుడు సర్కారోళ్ళు నీకు నౌకరి ఇచ్చినారు. నాకు నీకింద నౌకరి ఇచ్చినారు. ఏం చేస్తాం, ఇద్దరం తిందాం."

రాజధానికి అర్జీలు పట్టుకుని రైతులు వచ్చేవాళ్ళు. సార్లు లేరనో, డేరా మారిందనో తెలిసి, తిరిగి పోతూ మా కంచె దగ్గర ఆగేవాళ్ళు. ఒక ముసలాయన పాతుతున్నది గరికని పోల్చుకోవడానికి కంచె మీదికి ఎక్కి మరీ చూశాడు.

"ఏమప్పా, కలుపు నాటుతాండావా?"

"లాను."

"అట్లంటే?"

"గరికకు జీతమొస్తే లాను అంటారు."

"మా చేను నిండా ఉండాది. రెండు బండ్లకెత్తి పంపిస్తాం, తీసుకుంటారా?"

"మీది పనికిరాదులేప్పా. దానికి మర్యాద తెల్దు. కుర్చీలెయ్యల్ల దీని మింద."

రెండు నెలల్లో గరిక అల్లుకుంది. నాలుగు రోజులకోసారి, ఒక్కోసారి వారానికోసారి నీళ్ళు పోసేవాడు. ఆకు కొనలు కొంచెం ముడుచుకుంటే గాని పోసేవాడు కాదు. "కొంచెం దప్పిక పెట్టల్ల సార్. అప్పుడే వేరు కిందికి పోతాది, నీళ్ళు వెతుక్కోని" అనేవాడు. నేల మీద చాప పరిచినట్టు పచ్చగా ఉండేది. ఆ రెండు నెలలూ సెలవు మీద ఊరికి పోయిన పెద్దసారు ఇంకో రెండు నెలలు అక్కడే ఉండి ఉంటే ఈ కథే లేదు.

ఆయన వచ్చిన రోజు ఆకు కొనలు ముడుచుకుని ఉన్నాయి.

"ఎండబెడుతున్నారేమిటయ్యా? నీళ్ళు పెట్టడం లేదా?"

"వారానికోసారి పెడుతున్నామండి."

"వారానికా? వరికి వారానికోసారి పెడితే బతుకుతుందా? వరి గడ్డి జాతే, ఇదీ గడ్డి జాతే. నీళ్ళు నిలబడాలయ్యా."

ఔనండీ అన్నాను.

ఆయన ఆజ్ఞ ప్రకారం లాను చుట్టూ జానెడు ఎత్తు గట్టు వేయించాము, మడికి వేసినట్టు. నది నుంచి ఎద్దుల బండ్ల మీద పీపాల్లో నీళ్ళు తెప్పించి పొద్దునా సాయంత్రం వదిలాము. గేటు బయట బిందెలు పట్టుకుని పేటలోని ఆడవాళ్ళు నిలబడేవాళ్ళు. బండి లోపలికి పోతుంటే వాళ్ళు పక్కకు జరిగేవాళ్ళు. "గరిక తాగినంక మిగిల్తే మాకు పొయ్యప్పా" అని ఒకామె బండివాడితో అనడం విన్నాను. ఎవరూ వినలేదు కదా అని చుట్టూ చూసి లోపలికి పోయాను.

మా సీమలో నీళ్ళు ఎక్కువయ్యాయి అన్నవాణ్ణి పిచ్చివాడికింద జమకడతారు. పెద్దసారు జిల్లాలో ఆ మాటకు అర్థమే లేదు. మా ఇద్దరి మధ్యా చిక్కుకుని గరిక ఒక్కటే ఆ విషయం చెప్పడానికి ప్రయత్నించింది. మొదటి వారం ఇంకా పచ్చబడింది. పెద్దసారు నా భుజం తట్టాడు. మూడో వారానికి పసుపు తిరిగింది. పసుపు అంటే దాహమని మరో రెండు బండ్లు పెంచాము. నేల ఎత్తుపల్లాలుగా ఉందని రోడ్లు వేసే రాతి రోలరు తెచ్చి ఆ తడి మీద తిప్పించాము.

రోలరు తిప్పిన రోజు తోటమాలి నన్ను చెయ్యి పట్టుకుని లాను మధ్యకు తీసుకుపోయాడు. అంతకుముందు ఎన్నడూ నన్ను తాకలేదు. వంగి గుప్పెడు గరిక పట్టి లాగితే, గోనెపట్టా లేచినట్టు లేచింది. కింద మట్టి నల్లగా, జిగటగా ఉంది. మురిక్కాలువ వాసన వచ్చింది.

"చూడు సార్. గరిక వేరు నాకంటే లోతుకు పోయేది. దాన్ని తవ్వే నా నడుము పోయింది. ఇప్పుడు నీ వేలంత గూడా లేదు. కిందుండేదంతా కుళ్ళింది. ఈ నాలుగు వేర్లు పైకొచ్చి ఎందుకుండాయో తెల్సునా? ఊపిరి కోసరం. బురదైన కుంటలో చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి చూడు, అట్ల."

"నీళ్ళు పోస్తే ఊపిరాడకపోవడమేంటి పెద్దాయనా?"

"నేల గూడా గాలి పీలుస్తాది సార్. నీళ్ళు నిలబెడితే గాలి యాడ దూరల్ల? దానిమింద రాయిని దొర్లిస్తిరి. ఇది ఇటుకైతాది. గట్టు తెగ్గొట్టి పది దినాలు దీని మొగం చూడకుండా ఉండండి. అదే బతుకుతాది. గరికను బతికించేకి మనమెవురు?"

"పెద్దసారుకు చెప్తాను" అన్నాను. చెప్పలేదు. సారు ముందు నోరు తెరిచేసరికి నా నాలుకకు ఔనండీ తప్ప ఇంకో మాట తోచేది కాదు.

నేను చెప్పడం లేదని ఆయనకు నాలుగు రోజుల్లో అర్థమైంది. అప్పటినుంచి తనే ఒక పని చేశాడు. తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి, తూర్పు మూలలో మంచమంత జాగాలో గునపంతో జానెడుకొక బొక్క పొడిచి, ఆ బొక్కల్లో నది ఇసుక పోసి, ఆ మూల గట్టుకు పిడికెడంత గండి పెట్టాడు. నీళ్ళు వచ్చినవి వచ్చినట్టు అక్కణ్ణించి బయటికి పోయేవి. ఇరవై రోజుల్లో ఆ మూల గరిక నల్లపచ్చగా లేచింది. చుట్టూ అంతా పసుపు, మధ్యలో ఆ మంచమంత పచ్చదనం. ఎవరికైనా ఒక్క చూపులో అర్థమయ్యేలా చేసి చూపించాడు. రాయడం రాని మనిషి నేల మీద రాసిన అర్జీ అది.

పెద్దసారు తనిఖీకి వచ్చాడు. విందుకు ఇంకా నెల ఉంది. లానంతా చూసి మొహం ముడుచుకున్నాడు. తూర్పు మూలకు వచ్చి ఆగాడు.

"ఇక్కడ మాత్రం బ్రహ్మాండంగా ఉందే. ఏం చేశారిక్కడ?"

తోటమాలి నాలుగు అడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నావైపు చూశాడు. తను మాట్లాడితే మర్యాద కాదని, నేను చెప్తానని చూశాడు. నాకు చెప్పాల్సిందేమిటో తెలుసు. చెబితే వచ్చే రెండో ప్రశ్న కూడా తెలుసు: మరి ఇన్నాళ్ళూ నువ్వేం చేస్తున్నావయ్యా అని. ఆ ఏడాది నా ప్రమోషను కాగితాలు ఆ చేతిలోనే ఉన్నాయి.

"ఇక్కడ నీళ్ళు బాగా పోశామండి" అన్నాను.

పెద్దసారు తృప్తిగా తల ఊపాడు. "చూశావా, నేను చెప్పలేదూ? అంటే మిగతా చోట పోయలేదన్నమాట. ఎవరు ఈ మాలీ? సంజాయిషీ రాయించు."

అబద్ధం ఎంత చిన్నదైనా మనం ఆపాలనుకున్న చోట ఆగదని నాకు అప్పుడు తెలిసింది. నా మాట నన్ను కాపాడింది. మిగిలిన బరువంతా పోయి ఆయన నెత్తిన పడింది.

సాయంత్రం సంజాయిషీ నేనే రాశాను. 'తూర్పు మూల మినహా మిగిలిన భాగమునకు నీరు పెట్టుటలో అశ్రద్ధ చేసితిని. అందువలన పచ్చిక ఎండినది. నా తప్పు మన్నింప ప్రార్థన' అని. ఆయనను పిలిచాను. తువ్వాలుకు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం రాసినావు సార్?"

నిజం చెప్పి, నా కష్టం చెప్పి, బతిమాలినా వేలిముద్ర వేసేవాడేమో. ఆయన అలాంటి మనిషే. నేను అంతమాత్రం కూడా చేయలేదు.

"నీళ్ళు ఎక్కువై పాడైందని రాశాను" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. "అంతే గదా. ఉండేది రాస్తే ఎవురికి భయం" అని, ఎడమచేతి బొటనవేలు ముద్ర వేశాడు. సిరా వేలిని తలకు రాసుకుంటూ పోయాడు.

వారానికి తీసేస్తూ ఉత్తరువు వచ్చింది. అది చదివి వినిపించాల్సింది కూడా నేనే. చదివాను. మధ్యలో ఒకచోట ఆయన చెయ్యెత్తి ఆపి, "ఆడ ఇంగోసారి చదువు" అన్నాడు. 'తానే ఒప్పుకొనిన ప్రకారము నీరు పెట్టక' అని ఇంకోసారి చదివాను.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"నువ్వు సేద్యగాని బిడ్డవు గదా సార్" అన్నాడు. "ముసురు పట్టినప్పుడు పల్లంలో జొన్న పసుపుబారేది నువ్వు చూసింటావు. మీ నాయన కాలువ తీసి నీళ్ళు వదిలేది చూసింటావు. నీకు తెల్సు గదా."

చూశాను. నాకు తెలుసు. అది ఆయనకు తెలుసు. నేను బల్ల మీదున్న సీలు సరిచేస్తూ కూర్చున్నాను. కాసేపటికి తలెత్తితే ఆయన లేడు.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. ఆయన పోయాక నీళ్ళు ఇంకా పెంచాము. గరిక చచ్చింది. దాని చోట తుంగ లేచింది. నీళ్ళు నిలిచిన చోట దానికి స్వర్గం. పది గజాల దూరం నుంచి చూస్తే గరికకూ తుంగకూ తేడా తెలియదు. తుంగే ఇంకా నిగనిగలాడుతుంది. పెద్దసారు ఆనందానికి హద్దు లేదు. విందు రోజు కుర్చీలు వేశాము. ఢిల్లీ పెద్దమనిషి కూర్చోగానే కుర్చీ వెనకకాళ్ళు రెండంగుళాలు దిగాయి. ఆయన చిరునవ్వుతో, "మీ నేల ఎంత మెత్తగా ఉందండీ, మీ ఆతిథ్యంలాగే" అని ఇంగ్లీషులో అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాము. టీ అయ్యేసరికి అతిథులందరూ కొంచెం ఆకాశం వైపు చూస్తూ కూర్చుని ఉన్నారు. ఆ రాత్రే పెద్దసారు నా కాగితాల మీద సంతకం చేశాడు. తుంగ మీద జరిగిన విందుకు నాకు ప్రమోషను వచ్చింది. గరిక గురించి నిజం చెప్పిన మనిషి అప్పటికి ఊరు చేరి మూడు వారాలైంది.

రాజధాని హైదరాబాదు పోయింది. పెద్దసారు దానితో పోయాడు. నేను కడపకు బదిలీ అయి వచ్చాను. ఆ తోటమాలి ఊరు కమలాపురానికి రెండు మైళ్ళు, మా ఊరికి ఐదు మైళ్ళు. ఈ నాలుగేళ్ళలో మా ఊరికి ఎన్నిసార్లు పోయానో, అన్నిసార్లూ ఆ ఊరు తగలకుండా చుట్టుదారిన పోయాను.

ఇదంతా గురువారం బస్సులో కూర్చుని ఒంటిమిట్ట దాకా తలుచుకుంటూ పోయాను. అక్కడ తిరునాళ్ళ జనం బస్సు నిండా ఎక్కారు. నేను దిగిపోయాను. రాజంపేట పని రాజంపేటలో ఉండనీ అనుకుని ఎదురొచ్చిన బస్సెక్కి కడపకు తిరిగి వచ్చాను. బస్టాండులో ఆ గుండు మనిషి లేడు. రెండు గంటలు వెతికాను. ఇంటికి పోయి ఠావు కాగితం తీసుకుని, ఎవరి ఆజ్ఞా లేకుండా, ఎవరికీ విన్నవించకుండా, జరిగింది జరిగినట్టు రాశాను. ఇంత సర్వీసులో నేను సొంతంగా రాసిన మొదటి కాగితం అదే. దాని నకలు ఒకటి హైదరాబాదు ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో పంపించాను. వాళ్ళేం చేస్తారో నాకు తెలియదు. ఏం చేసినా న్యాయమే.

శుక్రవారం పొద్దున సెలవు పెట్టి ఆ ఊరికి పోయాను.

ఇంటి ముందు చాప మీద ఆయన భార్య శెనక్కాయలు ఒలుస్తోంది. కొడుకు ఎద్దులకు మేత వేస్తున్నాడు. నన్ను చూసి మేత కింద పెట్టి వచ్చాడు.

"ఆ సారును నేనే" అన్నాను. "నిన్న అబద్ధం చెప్పాను."

"తెల్సు సార్" అన్నాడు. "బస్సు పోయేదాకా ఆడనే నిలబడుకోనుంటి, దిగుతారేమోనని."

ఆమె తలెత్తి నన్ను చూసింది. కూర్చోమని చాప కొంచెం ఖాళీ చేసింది. కాగితం తీసి చదివాను. నీరు చాలక కాదని, నీరు ఎక్కువై గరిక కుళ్ళిందని, ఆ సంగతి ఆయన ముందే చెప్పాడని, తూర్పు మూల బతికించి చూపించాడని, తెలిసి తెలిసి నేను అబద్ధం చెప్పి ఆయన చేత అబద్ధం మీద వేలిముద్ర వేయించుకున్నానని. చదువుతున్నంతసేపూ ఆమె చేతులు కాయలు ఒలుస్తూనే ఉన్నాయి.

"నీళ్ళు ఎక్కువై గరిక చస్తాదా నిజంగా?" అంది అయిపోయాక.

"చస్తుందమ్మా. నేను కళ్ళారా చూశాను."

"ఆయప్ప వచ్చినప్పటినుంచి ఇదే మాట చెప్పె. ఎవురు నమ్మల్ల? చావని గరికను గూడా చంపినోడని ఊర్లో ఒకటే నగుబాటు. పెద్దపెద్ద చేన్లోళ్ళు ఇంటికొచ్చి అడిగిరి, మా చేన్లో గూడా చంపుదువు రా, ఏం మందు ఏసినావప్పా అని."

"ఏమన్నాడు?"

"సర్కారును ఏసినా అన్న్యాడు."

కొడుకు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, మధ్యలో ఆగిపోయింది. ఆమె నవ్వలేదు.

"మాటకు మాట అట్ల అంటాండె గాని, కంచం ముందర కూసోని ఉలకడు పలకడు. ముప్పై ఏండ్లు గరికతో మెలిగినోన్ని, నాకు గరిక సంగతి తెల్దంటారా అని అదే మనాది."

కాగితం ఆమె చేతికి ఇచ్చాను. తిప్పి చూసింది. మడిచి కొడుక్కు ఇచ్చింది.

"ఇది ఒకటైతే చాలదప్పా" అంది.

"ఎన్ని కావాలంటే అన్ని రాస్తానమ్మా."

"నవ్వినోళ్ళకు తలా ఒకటి."

"ఎంతమంది ఉంటారు?"

ఆమె చేట పక్కకు పెట్టి, చీర కుచ్చెళ్ళు దులుపుకుని, వీధిలో పైనుంచి కిందిదాకా ఇళ్ళవైపు ఒకసారి చూసింది. పని ఎక్కువే అని ఆ చూపులో తెలిసింది. నేను సంచిలోంచి కాగితాలు, కలం, సిరాబుడ్డి తీసి చాప మీద పెట్టుకున్నాను.

"ఎవరి పేరుతో మొదలుపెట్టమంటావమ్మా?"

"నా పేరు రాయి" అంది. "ముందర నవ్వింది నేనే."